సంతకానికి ముందు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

యాభై ఏళ్ల పండుగలో యుద్ధం మాట ఎందుకని మీకు అనిపించవచ్చు. మన బడి ఉన్న చోటే అందుకు కారణం. మైత్రీవనం నుంచి పంజాగుట్ట చౌరస్తా దాకా నడవండి. కోచింగ్ సెంటర్ల బోర్డుల పక్కనే వీసా కన్సల్టెన్సీల బోర్డులు. మనలో చాలామంది ఆ మెట్లెక్కే విదేశాలకు వెళ్లాం, స్థిరపడ్డాం. ఆ దారిని నేను తప్పుపట్టను.

అయితే 2024 మార్చి 6న మాస్కోలోని భారత రాయబార కార్యాలయం ఒక హైదరాబాద్ యువకుడి మరణాన్ని ధ్రువీకరించింది. సహాయకుడి ఉద్యోగమని నమ్మి రష్యా వెళ్లిన ఆ అబ్బాయి ఉక్రెయిన్ యుద్ధంలో చిక్కుకుని ప్రాణాలు కోల్పోయాడు. అలాగే వెళ్లిన నారాయణపేట కుర్రవాడు ఒకరు ఆ సెప్టెంబరులో క్షేమంగా ఇల్లు చేరాడు. రష్యా సైన్యంలో చేరిన భారతీయులు 126 మంది అని, వారిలో 96 మంది తిరిగొచ్చారని, 12 మంది మరణించారని, 16 మంది ఆచూకీ తెలియలేదని 2025 జనవరిలో మన విదేశాంగ శాఖ చెప్పింది.

పరాయి యుద్ధానికి వెళ్లడం ఈ ఊరికి కొత్త కాదు. మొదటి ప్రపంచ యుద్ధంలో నిజాం సంస్థానపు హైదరాబాద్ లాన్సర్లు సూయజ్ కాలువ దాకా, పాలస్తీనా దాకా వెళ్లారు. ఢిల్లీ తీన్‌మూర్తి విగ్రహాల్లో ఒకటి వారి గుర్తే. వాళ్లు సైనికులమని తెలిసే బయల్దేరారు. ఈ పిల్లలకు ఆ సంగతి అక్కడికి వెళ్లాక గానీ తెలియలేదు. చాలామంది తమకు రాని రష్యన్ భాషలో ఉన్న ఒప్పందాల మీద సంతకాలు పెట్టారు.

2024 మార్చిలో ఏడు నగరాల్లో సోదాలు చేసిన సీబీఐ మరో సంగతి బయటపెట్టింది. ఏజెంట్లు ఫీజులో రాయితీ ఆశ చూపి విద్యార్థులను ఊరూ పేరూ లేని ప్రైవేటు విశ్వవిద్యాలయాల్లో కూడా చేర్చారట. అంటే ఇది ఉద్యోగాలు వెతుక్కునే వారి గొడవ మాత్రమే కాదు, మన పదో తరగతి పిల్లల రేపటి సంగతి కూడా.

ఉపాధ్యాయులకు నా మనవి ఒకటే. ఏడాదికి ఒక్క పీరియడ్ దీనికి కేటాయించండి. ఉద్యోగానికి పంపే ఏజెంటుకు కేంద్ర ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో అతని పేరు చూసుకోవచ్చు. పర్యాటక వీసా మీద ఉద్యోగం అన్నారంటే అక్కడే ఆగాలి. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టకూడదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ ఉద్యోగాలు చూపిస్తుందని పిల్లలకు చెప్పండి.

మిత్రులకు ఒక ప్రతిపాదన. మన సంఘంలో న్యాయవాదులున్నారు, ఎన్నో దేశాల్లో పనిచేసిన వారున్నారు. నెలకు ఒక ఆదివారం ఇదే బడిలో ఇద్దరం కూర్చుందాం. ఎవరి పిల్లలైనా సరే, ఆఫర్ లెటర్ తెస్తే చదివి చెబుదాం. మొదటి ఆదివారం నేను వస్తాను. రెండో వారి పేరు ఈ సాయంత్రమే కార్యదర్శి గారికి ఇవ్వండి.