తండ్రి బీరువా, వీధిలోని మేకలు

 

ఈ రజతోత్సవ సభలో నేదైన నొక గ్రంథకర్తనుగూర్చి ప్రసంగింపుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. పెద్దనార్యునిగూర్చియో, తిక్కన సోమయాజినిగూర్చియో చెప్పుదునని మీరు తలచియుందురు. వారినిగూర్చి మీరు నా నోట పలుమారు వినియేయున్నారు. నేడొక దూరదేశపు రచయితను పరిచయము చేసెదను. ఆయన కథలలో రాజులును రాణులును లేరు; పుస్తకములున్నవి, ఆకలి యున్నది, మేకలున్నవి.

ఆయన పేరు లువాన్ స్టారోవా. 1941లో అల్బేనియా దేశమున, ఓహ్రిద్ సరస్సు గట్టుననున్న పోగ్రాదెత్స్ పట్టణమున జన్మించెను. ఆ సరస్సున కొక యొడ్డు అల్బేనియా, వేరొక యొడ్డు మాసిడోనియా. లువాన్ పసివాడై యుండగనే ఆ కుటుంబము స్వదేశమును విడిచి మాసిడోనియాకు వలసవచ్చినది. ఇంట నొక భాష, వీధిని వేరొక భాష. ఆయన అల్బేనియనునందును మాసిడోనియనునందును గూడ రచనలు చేసెను. స్కోప్యే విశ్వవిద్యాలయమున ఫ్రెంచి సాహిత్యము బోధించెను. ఫ్రాన్సు మొదలగు దేశములలో రాయబారిగా నుండెను. 2022లో కాలధర్మము నొందెను. పదవుల ముచ్చట యింతటితో చాలును.

1992లో వెలువడిన 'నా తండ్రి గ్రంథములు' అను నవల ఆయన బాల్కను కథామాలికలో మొదటిది. తండ్రి ఉస్మానీ సామ్రాజ్యము కూలుచున్న తరుణమున ఇస్తాంబులును విడిచివచ్చిన విద్వాంసుడు. పిదప ఫాసిస్టుల యేలుబడిని, స్టాలినిస్టుల యేలుబడినిగూడ చవిచూచినవాడు. రాజ్యములు మారినవి, సరిహద్దులు మారినవి. ఆయనను విడువనివి పుస్తకములు మాత్రమే. మిక్కిలి అపురూపములైన వానిని ప్రత్యేకముగ నొక బీరువాలో దాచెడివాడు. పిల్లవాని కా బీరువాయే ప్రపంచమునకు ద్వారము. తల్లికి గోడలు చుట్టిన చిన్న తోట యొకటి యుండెను. ఈ రెండు చోటులను మాత్రము బయటి గాలివాన తాకలేదని కొడుకు జ్ఞాపకము చేసికొనుచున్నాడు.

ఇచట నొక చిన్న ముచ్చట. ఆ సామ్రాజ్యమున సర్కారు లెక్కల పుస్తకమును 'దెఫ్తెర్' అనెడివారు. మన కచేరీలలోని 'దఫ్తరు'ను అదియు పారసీకపు టింటి బిడ్డలే! లెక్కలతో ప్రొద్దుపుచ్చువాడను గనుక, ఈ చుట్టరికము తెలిసిననాడు నాకు కలిగిన సంతోష మింతంత కాదు.

కాని నా మట్టుకు 1993లో వచ్చిన 'మేకల కాలము' అను నవలయే మిన్న. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తొలియేండ్లు. స్కోప్యే నగరమున తిండికి కరవు. కొండలలోని మేకలకాపరులను కార్మికులుగా మార్చవలెనని క్రొత్త ప్రభుత్వము సంకల్పించెను. వారు మందలను తోలుకొని నేరుగ నగరమునకే దిగివచ్చిరి! బీదయిండ్ల పిల్లలకు మేకపాలు ప్రాణము నిలిపినవి. స్టారోవాగారి యింటికిని మేక వచ్చినది. అంతట మేకలను లేకుండ చేయవలెనని ఉత్తరువు పుట్టెను. పేదవాని పాలచెంబును లాగికొనుట యనగా నిదియే గదా!

చాంగా యనువాడు కాపరులకు పెద్ద. వానికిని పుస్తకములలో మునిగిన ఆ తండ్రికిని స్నేహము కుదిరినది. మేకల నెట్లు కాపాడవలెనని ఇరువురును కలిసి యాలోచింతురు. ఒకడు కొండదారులెరిగినవాడు, వేరొకడు గ్రంథములెరిగినవాడు. మొదటి నవలలో తండ్రి తన బీరువాకు మాత్రమే కావలివాడుగ తోచి నాకు కొంత విసుగు కలిగినమాట నిజము. పొరుగువాని పిల్లలు పస్తులుండగా నీ పుస్తకములెందులకని యడుగవలెననిపించినది. రెండవ నవలలో ఆయన బీరువా తలుపు తెరచి వీధిలోనికి వచ్చినాడు. గ్రంథముల మాట మేకల మాటతో కలిసినది. అందుచేతనే దీనిని మిన్న యంటిని.

వేరొక నవల మలుగుచేపల దారినిగూర్చినది. అవి అట్లాంటికు మహాసముద్రమున సర్గాసో సంద్రమందు పుట్టి, వేలమైళ్లీది, నల్ల ద్రిన్ నదివెంట ఓహ్రిద్ సరస్సు చేరెడివి. పెరిగి పెద్దవై, గ్రుడ్లు పెట్టుటకు మరల నా సంద్రమునకే పోయెడివి. యుగోస్లావియా కాలమున ఆ నదిపై ఆనకట్టలు కట్టుటతో వాని దారి మూతపడినది. ఆనకట్టలవలన విద్యుత్తు వచ్చినదనుట సత్యమే. అయినను సొంతయూరు వీడినవాడు ఆ చేపలకథను ఉత్త చేపలకథగా చదువజాలడు. మన యూరినుండి పొట్టకూటికై దూరదేశములకు వెడలినవారి తల్లిదండ్రులు ఈ సభలో కొందరున్నారు. వారికి నేను విప్పి చెప్పనక్కరలేదు.

'నా తండ్రి గ్రంథములు', 'మేకల కాలము' రెండును ఇంగ్లీషున 2012లో అచ్చైనవి. కార్యదర్శిగారు తెప్పించినచో, మేకల కథను వారమున కొక ప్రకరణము చొప్పున సాయంకాలము ఈ అరుగుపైననే తెలుగున చెప్పుటకు నేను సిద్ధముగ నున్నాను. చదువురానివారును, మేకలు కాచువారును తప్పక రావలెనని నా మనవి.