సముద్రం పక్కన గేమింగ్ పీసీ: గ్రాఫిక్స్ కార్డు కంటే ముందు గోడలో ప్లగ్గు చూడండి

నెల్లూరు నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్ మొత్తం ఒకే ఒక్క పీసీ గురించి.

కోడూరు బీచ్‌కి దగ్గర్లో, తోటపల్లిగూడూరు మండలంలోని ఒక ఊరి నుంచి ఒక తమ్ముడు పార్ట్స్ లిస్టు పంపించాడు. బీటెక్ రెండో సంవత్సరం. బడ్జెట్ లక్ష రూపాయలు, మానిటర్‌తో సహా. వాళ్ల నాన్న రొయ్యల రైతు. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచిన తర్వాత రొయ్యల రైతుల ఇళ్లలో డబ్బు సంగతి ఎలా ఉందో మన జిల్లాలో ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు. ఆయన కూడా ఫోన్‌లో మాట్లాడాడు. "అబ్బయా, వాడు గేములాడుకుంటాడో ప్రాజెక్టులు చేసుకుంటాడో వాడిష్టం. నేను కొనేది ఒక్కసారే. చెడిపోతే మళ్లీ కొనే ఓపిక నాకు లేదు" అన్నాడు.

ఆ మాట దగ్గర పెట్టుకుని లిస్టు చూశా. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, 16 జీబీది. ఐ5 12400ఎఫ్ ప్రాసెసర్. ముందు గ్లాసు, లోపల రంగుల లైట్లున్న క్యాబినెట్. దాంతోపాటే వచ్చే ఎస్ఎంపీఎస్. యూపీఎస్ లేదు. యూట్యూబ్‌లో ఢిల్లీ వాళ్లో బెంగళూరు వాళ్లో చేసిన వీడియో చూసి రాసుకున్న లిస్టు అని చూడగానే తెలిసిపోతుంది. అందులో తప్పేం లేదు, గేమ్‌లో ఎఫ్‌పీఎస్ లెక్కేస్తే మంచి లిస్టే. కాకపోతే ఆ పీసీ ఉండబోయేది సముద్రానికి రెండు మూడు కిలోమీటర్ల దూరంలో, చుట్టూ రొయ్యల గుంటలున్న ఇంట్లో. అక్కడ పీసీని చంపేది పాత గ్రాఫిక్స్ కార్డు కాదు. కరెంటు, ఉప్పు గాలి. అందుకే లిస్టుని తిరగేసి, గోడ దగ్గర్నుంచి మొదలుపెడదాం.

ముందు ఆ తమ్ముణ్ని అడిగింది ఇదీ: ఇప్పుడు ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్ ఇనప డబ్బాని ముట్టుకుంటే చేతికి జివ్వుమంటుందా? "అవునన్నా, చెప్పులేసుకుంటే ఏం కాదు" అన్నాడు. నవ్వకండి, మన ఊళ్లలో సగం ఇళ్లలో ఇదే సమాధానం వస్తుంది. ఎస్ఎంపీఎస్ లోపల ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి చిన్న కెపాసిటర్లు బాడీకి కలిపి ఉంటాయి. కరెంట్‌లో ఉన్న చెత్త సిగ్నల్‌ని ఎర్త్‌లోకి పంపడం వాటి పని. ఎర్త్ లేకపోతే అది పోవడానికి దారి లేదు, డబ్బా మీద దాదాపు 115 వోల్టులు నిలబడి ఉంటాయి. ప్రవహించే కరెంటు చాలా తక్కువ కాబట్టి జివ్వుమని ఊరుకుంటుంది. కానీ లోపల ఎక్కడైనా ఇన్సులేషన్ పోయి ఫేజ్ నేరుగా డబ్బాకి తగిలిన రోజు జివ్వుమనడంతో ఆగదు. ఎర్త్ ఉంటే ఆ రోజు ఫ్యూజు ఎగిరిపోతుంది. లేకపోతే ముట్టుకున్న మనిషే ఎర్త్.

మూడో పిన్ను సాకెట్‌లో ఉంటే చాలదు, దాని వెనకాల వైరు నిజంగా భూమిలోకి వెళ్లాలి. మన తీరంలో ఇంకో తిరకాసు: ఇసుక నేల ఎండితే కరెంటుని సరిగ్గా లోపలికి తీసుకోదు, ఉప్పుతో తడిసి ఉంటే తీసుకుంటుంది కానీ పాతిన కడ్డీని తినేస్తుంది. పదేళ్ల కిందట ఇల్లు కట్టినప్పుడు వేసిన ఎర్తింగ్ ఇప్పుడు ఉందో లేదో ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూస్తేనే తెలుస్తుంది. గ్రాఫిక్స్ కార్డు ధర ముందు ఆ ఖర్చు ఎంత చెప్పండి.

రెండోది, వోల్టేజి. ఏరియేటర్లు ఆన్ చేసిన క్షణంలో ఇంట్లో లైట్లు మసకబారడం అక్కడ రోజూ ఉండేదే. మోటారు మామూలుగా తిరిగేటప్పుడు తీసుకునే దానికంటే స్టార్ట్ అయ్యేటప్పుడు ఎన్నో రెట్లు ఎక్కువ లాగుతుంది. వోల్టేజి తగ్గడం గురించి నేను పెద్దగా భయపడను. మంచి ఎస్ఎంపీఎస్ 100 నుంచి 240 వోల్టుల దాకా తట్టుకునేలా చేస్తారు. భయపడాల్సింది పెరగడం గురించి. స్తంభం మీద న్యూట్రల్ జాయింటు ఊడితే, ఫేజుల మధ్య లోడు సమానంగా లేకపోతే, 230 రావాల్సిన ఇంటికి 300 దాటి రావచ్చు. ఉప్పు గాలికి ముందు పాడయ్యేవి ఇలాంటి జాయింట్లే. అందుకే ఏవీఆర్ ఉన్న లైన్ ఇంటరాక్టివ్ యూపీఎస్ ఉండాలంటాను. కరెంటు పోతే గేమ్ సేవ్ చేసుకోవడానికి మాత్రమే కాదు, వోల్టేజి హద్దు దాటితే పక్కకు తప్పించి బ్యాటరీ మీదకి మార్చడానికి.

సైజు ఎంత? లెక్క వేద్దాం. ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే ఓ 90 వాట్లు అనుకోండి. ఆర్‌టీఎక్స్ 5060 అయితే 145. బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఫ్యాన్లకి 40. మొత్తం 275. ఎస్ఎంపీఎస్ సామర్థ్యం 85 శాతం అనుకుంటే గోడ నుంచి లాగేది 320 పైన. మానిటర్ 25 కలిపితే 350కి దగ్గర. మార్కెట్లో మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. పేపరు మీద సరిపోయింది కదా అని తీసుకుంటే, ఏడాది తిరిగి బ్యాటరీ కాస్త డీలా పడ్డాక కరెంటు పోయిన క్షణంలోనే ఠప్పుమని ఆగిపోతుంది. 600 వాట్లు ఇచ్చే 1 కేవీఏ తీసుకోండి. డబ్బా మీద వీఏ పెద్దక్షరాల్లో, వాట్లు చిన్నక్షరాల్లో ఉంటాయి, చిన్నవే చదవండి.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కదా అంటారు. ఉంటే దాని మీద 'యూపీఎస్ మోడ్' స్విచ్చు ఉందేమో చూడండి. కరెంటు తెగినా ఎస్ఎంపీఎస్ సుమారు 16 మిల్లీసెకన్లు సొంతంగా లాగించగలదు. ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో మారడానికి అంతకంటే ఎక్కువ పట్టొచ్చు, అందుకే ఫ్యాన్ ఆగకుండా తిరుగుతుంది కానీ పీసీ రీస్టార్ట్ అవుతుంది. ఇక గుంటల కోసం పెట్టిన జనరేటర్ లైను ఇంటికి కూడా ఉంటే, అది నడుస్తున్నంతసేపు పీసీ ఆపేయడమే మేలు. దాని కరెంటు నిలకడగా ఉండదు, యూపీఎస్ దాన్ని ఒప్పుకోక మాటిమాటికీ బ్యాటరీ మీదకి వెళ్లిపోతుంది.

క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఎస్ఎంపీఎస్‌ని లిస్టులోంచి కొట్టేశాను. వెనకాల ఎర్ర రంగు 115/230 స్విచ్చు ఉంటే అది పాత రకం డిజైన్ అని గుర్తు, యాక్టివ్ పీఎఫ్‌సీ ఉండదు. గ్రాఫిక్స్ కార్డుకి కావాల్సిన 8 పిన్ కనెక్టర్ సొంతంగా ఉందో లేదో చూడండి. పాత మోలెక్స్ వైరు నుంచి కన్వర్టర్ పెట్టి ఇస్తామంటే వద్దని చెప్పండి, అలా కాలిన వైర్లు చాలా చూశాను. పేరున్న కంపెనీది 550 వాట్ల 80 ప్లస్ బ్రాంజ్, ఐదేళ్ల వారంటీ ఉన్నది చాలు. 80 ప్లస్ అనేది సామర్థ్యానికి ఇచ్చే ముద్ర మాత్రమే, లోపలి సరుకు నాణ్యతకి కాదు. అందుకే నేను ముద్ర కంటే వారంటీ ఎన్నేళ్లో చూస్తా.

ఇప్పుడు ఉప్పు. దీని గురించి బయటి ఊళ్ల వీడియోల్లో ఎవరూ మాట్లాడరు, వాళ్లకి అవసరం లేదు. సముద్రం గాలితో పాటు కంటికి కనపడని ఉప్పు కణాలు వస్తాయి, దుమ్ముతో కలిసి బోర్డు మీద పేరుకుంటాయి. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే నీళ్లు పీల్చుకుని కరిగిపోతుంది. వానాకాలంలో వంటింట్లో ఉప్పు డబ్బా చూడండి, అదే. పైగా సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది ఇంకా తక్కువ తేమకే చెమ్మగిల్లుతుంది. అంటే బోర్డు మీద సన్నటి ఉప్పునీటి పొర. ఉప్పునీళ్లలో కరెంటు పారుతుంది, రాగి పచ్చబడుతుంది, స్క్రూలు తుప్పు పడతాయి. దాని వెనకాలే డబ్బు సమస్య: చాలా కంపెనీల వారంటీ షరతుల్లో తుప్పు పట్టిన వస్తువుకి వర్తించదని ఉంటుంది. మూడేళ్ల వారంటీ ఉన్న కార్డు రెండో ఏడు పోయినా, బ్రాకెట్ మీద తుప్పు చూపించి వెనక్కి పంపొచ్చు.

ఏం చేయాలి? పీసీని సముద్రం వైపు కిటికీ పక్కన పెట్టొద్దు. నేల మీద కూడా వద్దు. వాడకుండా వారాల తరబడి మూలన పడేయొద్దు. నడిచే పీసీ లోపల వెచ్చగా ఉంటుంది, ఆ వెచ్చదనానికి చెమ్మ నిలవదు. ఆగి ఉన్నదే తొందరగా పాడవుతుంది. సెలవులకి ఊరెళ్లినా ఇంట్లో వాళ్లని రోజూ ఓ గంట ఆన్ చేయమనండి.

క్యాబినెట్ విషయంలో రెండు వైపులా లాగుతుంది. మన ఎండాకాలం 40 డిగ్రీలు దాటుతుంది, గది ఎంత వేడిగా ఉంటే లోపల అంత వేడి కలుస్తుంది. కాబట్టి గాలి ఆడాలి, ముందు గ్లాసు పనికిరాదు, జాలీ కావాలి. కానీ జాలీ అంటే ఉప్పు దుమ్ము కూడా లోపలికే. నా తీర్పు జాలీకే, ఒక షరతు మీద: ఊడదీసి కడుక్కునే ఫిల్టర్ ఉండాలి, లోపలికి గాలి తెచ్చే ఫ్యాన్లు బయటికి తోసే వాటికంటే ఎక్కువ ఉండాలి. ముందు రెండు, వెనక ఒకటి. అప్పుడు గాలి ఫిల్టర్ గుండానే వస్తుంది, సందుల్లోంచి దూరదు. ఫిల్టర్ నెలకోసారి కడిగి, పూర్తిగా ఆరాకే పెట్టండి.

శుభ్రం చేయడానికి పంచర్ షాపు గాలి కొట్టించేవాళ్లు ఉన్నారు. దయచేసి వద్దు. ఆ కంప్రెసర్ ట్యాంకులో నీళ్లు, ఆయిలు ఉంటాయి, అవి నేరుగా బోర్డు మీద చిమ్ముతాయి. మెత్తటి బ్రష్షు, చేతిలో పట్టుకునే చిన్న బ్లోయరు చాలు. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి.

ప్రాసెసర్. ఆ తమ్ముడు రాసిన 12400ఎఫ్‌లో ఎఫ్ అంటే లోపల డిస్‌ప్లే లేదని అర్థం. రేటు కాస్త తక్కువ, అందుకే అందరూ అదే చెప్తారు. నేను ఎఫ్ తీసేసి మామూలు 12400 రాశాను. గ్రాఫిక్స్ కార్డు ఎప్పుడైనా పోతే సర్వీస్‌కి చెన్నైకో హైదరాబాద్‌కో వెళ్లాలి, తిరిగి రావడానికి వారాలు పట్టొచ్చు. 2021 నవంబర్ వరదలకి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయి, హైవే కూడా తెగి మనం ఎలా ఇరుక్కున్నామో గుర్తుందిగా. ఎఫ్ ప్రాసెసర్ అయితే కార్డు లేనన్ని రోజులూ స్క్రీన్ మీద ఏమీ రాదు. మామూలు 12400 అయితే బోర్డుకి కేబుల్ పెట్టుకుని ప్రాజెక్టు చేసుకోవచ్చు, చిన్న గేములూ ఆడుకోవచ్చు. డబ్బు కొంచెం ఎక్కువ పెట్టగలిగితే రైజెన్ 5 7600 ఇంకా మంచిది, దాన్లోనూ డిస్‌ప్లే ఉంది, రేపు అదే బోర్డు మీద కొత్త ప్రాసెసర్ వేసుకోవచ్చు. కాకపోతే దానికి డీడీఆర్5 ర్యామే కావాలి. 2025 చివరి నుంచి ఏఐ డేటా సెంటర్ల దెబ్బకి ర్యామ్ రేట్లు ఎలా ఎగిరాయో చూశారుగా. అందుకే ఈ వీడియోలో ధరలు చెప్పడం లేదు, నేను చెప్పేలోపే మారిపోతాయి. ప్రస్తుతానికి 16 జీబీ చాలు. బోర్డులో ఒక స్లాటు ఖాళీ ఉంచి ఒకటే స్టిక్ వేస్తే స్పీడు తగ్గుతుంది, అందుకని రెండు 8లు వేసుకోవడం నయం, నాలుగు స్లాట్ల బోర్డు దొరికితే తర్వాత పెంచుకోవచ్చు.

ఇక మిగిలిన డబ్బుతో గ్రాఫిక్స్ కార్డు. 5060 టీఐ 16 జీబీ నుంచి 5060 8 జీబీకి దింపాను. మూడేళ్ల తర్వాత కొత్త గేముల్లో టెక్స్చర్లు తగ్గించుకోవాల్సి వస్తుంది, ఆ సంగతి తమ్ముడికీ చెప్పాను. కానీ అతను ఆడేది ఎక్కువగా వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్, అదీ 1080పీ మానిటర్ మీద. వాటికి ఈ కార్డే ఎక్కువ. అక్కడ మిగిలింది యూపీఎస్‌కి, ఎస్ఎంపీఎస్‌కి, ఎర్తింగ్‌కి వెళ్లింది. సెకండ్ హ్యాండ్ కార్డు అడిగారు కొందరు. కొంటే ముందు బ్రాకెట్టు, స్క్రూలు చూడండి. తుప్పు చుక్క కనపడితే రేటు ఎంత తగ్గించినా వదిలేయండి.

కొనేది నెల్లూరులోనా, చెన్నై రిచ్చీ స్ట్రీట్‌లోనా, సికింద్రాబాద్ సీటీసీలోనా, ఆన్‌లైన్‌లోనా అన్నది మీ ఇష్టం. జీఎస్టీ బిల్లు, దాని మీద సీరియల్ నంబర్లు, సర్వీస్ సెంటర్ ఏ ఊళ్లో ఉందో, ఈ మూడూ డబ్బు కట్టకముందే అడగండి. డబ్బా విప్పేటప్పుడు ఆపకుండా వీడియో తీయండి.

తుఫాను హెచ్చరిక వస్తే, 2023 డిసెంబర్ మిచాంగ్ అప్పటిలా, ప్లగ్గు పీకేయండి. లాన్ కేబుల్ కూడా. ఫైబర్ తీగలో కరెంటు రాదు, నిజమే, కానీ రౌటర్ అడాప్టర్ గోడకే ఉంది కదా, అక్కడి నుంచి కేబుల్లో వచ్చేస్తుంది.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తా. విండోస్ 11 వేశాక వాలరెంట్ ఓపెన్ కాకపోతే పార్ట్స్ పాడయ్యాయని కంగారు పడొద్దు. బయోస్‌లోకి వెళ్లి టీపీఎం, సెక్యూర్ బూట్ ఆన్ చేయండి. అది ఎలాగో వచ్చే ఎపిసోడ్‌లో స్క్రీన్ మీద చూపిస్తా. ఉంటాను ఫ్రెండ్స్.