ఆమెను ఎవరైనా అడిగారా?

ఈరోజు పట్టా అందుకుంటున్న నర్సింగ్ విద్యార్థులారా!

మీరు పుట్టకముందు, 1994లో రెండు సంగతులు జరిగాయి. కైరోలో 179 దేశాలు కూర్చుని, ఎందరిని కనాలి, ఎప్పుడు కనాలి అన్నది ఎవరికి వారు తేల్చుకోవాల్సిందేనని ఒప్పుకున్నాయి. మన దేశమూ ఒప్పుకుంది. అదే ఏడాది వచ్చిన మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం మాత్రం ఇద్దరికి మించి పిల్లలుంటే సర్పంచిగా పోటీకి పనికిరారంది. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆ నిబంధన ఎత్తేసింది. ఇప్పుడు ఇంకా కనండని పిలుపులు. అప్పుడు వద్దన్నదీ పాలకులే, ఇప్పుడు కావాలంటున్నదీ పాలకులే. నెలలు మోసే మనిషిని అడిగిన పాపాన ఎవరూ పోలేదు.

ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మీరు పరీక్షకు చదివే ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ (కు.ని.) ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మగవాళ్ల ఆపరేషన్ ఒక్క శాతం కూడా లేదు. కత్తిగాటు లేకుండా నిమిషాల్లో అయిపోయే వేసెక్టమీ ఉన్నా, పొట్ట మీద కోత మాత్రం ఆవిడకే. "మావాడు బరువులెత్తే మనిషమ్మా" అంటుంది అత్తగారు. ఇంట్లో నీళ్ల బిందెలు ఎత్తేదెవరో మరి!

గర్భనిరోధానికి మూడు నెలలకోసారి వేసే అంతర ఇంజెక్షన్, ఛాయ మాత్రలు ప్రభుత్వాసుపత్రిలో ఉచితమే. ఆ మాట చెప్పే తీరిక ఎవరికుంది? రెండో కాన్పు కాగానే "ఆపరేషన్ కూడా చేసేద్దామా" అన్న ప్రశ్న, మంచం మీదున్న మనిషిని దాటుకుని వరండాలో ఉన్న మొగుడి దగ్గరికి పోతుంది.

గర్భస్రావం కోసం పెళ్లికాని పిల్ల వస్తే ఇంకా ఘోరం. ఓపీలో పదిమంది వినేలా "పెళ్లయిందా?" అని అడుగుతారు. 20 నుంచి 24 వారాల మధ్య గర్భస్రావానికి చట్టమిచ్చిన వెసులుబాటు పెళ్లికాని స్త్రీకీ వర్తిస్తుందని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసు వేసింది దాదాపు మీ ఈడు అమ్మాయే, పాతికేళ్లది. తీర్పు వచ్చింది గానీ ఓపీలో గొంతు ఇంకా తగ్గలేదు.

రేపు ఫారాలు నింపేది మీరే. పద్దెనిమిది నిండిన స్త్రీ గర్భస్రావానికి ఆమె అంగీకారం ఒక్కటే చాలు. కు.ని. ఆపరేషన్‌కూ భర్త సంతకం అక్కర్లేదు. వరండాలోకి పోతున్న కాగితాన్ని వెనక్కి తెచ్చి ఆమె చేతికివ్వడానికి సీనియారిటీ ఏమీ అవసరం లేదు. మాలాంటి పెద్ద డాక్టర్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.