‘వెళ్ళలేదు’లో దాగిన ఇంగ్లీషు పాఠం

(స్వర్ణోత్సవ సభలో విశ్రాంత ఇంగ్లీషు ఉపాధ్యాయుని ప్రసంగ పాఠం)

జ్ఞాపకాలు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు గనక నాకిచ్చిన పది నిమిషాల్లో పాఠమే చెబుతాను. మీలో కొందరు టీచర్లయ్యారు, తక్కినవాళ్ళు ఇంట్లో పిల్లల హోంవర్కు చూస్తున్నారు. పాఠం పేరు సింపుల్ పాస్ట్.

‘గో, వెంట్, గాన్’ అని మీరంతా వల్లె వేసినవాళ్ళే. నిద్రలో లేపి అడిగినా చెబుతారు. అయినా ‘ఐ డిడ్ నాట్ వెంట్’ మన నోళ్ళలోంచి పోలేదు. పట్టిక రూపం నేర్పుతుంది, దాన్ని ఎక్కడ వాడకూడదో నేర్పదు. పిల్లవాడి లెక్క కూడా సబబే: జరిగింది నిన్న, కాబట్టి వెంట్.

దీనికి మందు తెలుగులోనే ఉంది. బోర్డు మీద వెళ్ళాను, వెళ్ళావు, వెళ్ళాడు, వెళ్ళింది, వెళ్ళారు అని రాయండి. మనిషి మారితే క్రియ మారుతోంది. ఇంగ్లీషులో వీటన్నిటికీ ఒక్క ‘వెంట్’ చాలు. ఈ ఒక్క చోట ఇంగ్లీషు మన భాష కంటే తేలికని ముందే చెబితే సగం భయం పోతుంది. (విదేశాల్లో పెరుగుతున్న మీ పిల్లలు ‘తాతయ్య వెళ్ళింది’ అంటే నవ్వకండి. వాళ్ళకు ఇదే చిక్కు అటునుంచి వస్తుంది.)

ఇప్పుడు అదే వరసకు ‘లేదు’ చేర్చమనండి. నేను వెళ్ళలేదు, నువ్వు వెళ్ళలేదు, వాడు వెళ్ళలేదు, వాళ్ళు వెళ్ళలేదు. ‘వెళ్ళాడు’లోని ‘ఆడు’ ఏమైంది? ‘వెళ్ళాడులేదు’ అని ఎవరైనా అంటారా? అనమంటే క్లాసంతా నవ్వుతుంది. ఆ నవ్వు ఆగకముందే పక్కన ‘డిడ్ నాట్ గో’ రాయండి. కాలాన్ని ‘డిడ్’ మోస్తోంది గనక ‘గో’ మూలరూపంలోనే నిలిచింది. ‘డిడ్ నాట్ వెంట్’ అంటే ‘వెళ్ళాడులేదు’ అన్నట్టే. సూత్రం మరిచిపోయినా ఈ నవ్వు గుర్తుంటుంది.

ప్రశ్న దగ్గర మాత్రం తెలుగు సాయం రాదు. ‘వెళ్ళావా?’లో భూతకాలం క్రియలోనే ఉండి, చివర దీర్ఘం వస్తుంది. అందుకే ‘డిడ్ యు వెంట్?’ అంటారు. దీనికి అలవాటు తప్ప దగ్గరి దారి లేదు. జంటలుగా కూర్చోబెట్టి ‘డిడ్ యు ఈట్? డిడ్ యు ప్లే?’ అని ఒకరినొకరు అడగనివ్వాలి.

మనవాళ్ళు తడబడే ఇంకో చోటు ‘చూశాను’. ఈ ఒక్క మాట ‘ఐ సా’కీ, ‘ఐ హావ్ సీన్’కీ సరిపోతుంది. అందుకే ‘ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్డే’ అనేస్తాం. నిన్న, పోయిన ఏడాది, 1995లో అని సమయం బిగించాక ‘హావ్’ రాదు.

ఉచ్చారణ ఒక్క మాటలో. రాతలో చివర ‘ఈడీ’ ఉందని ‘వాకెడ్’ అనక్కర్లేదు. వాక్ట్, ప్లేడ్, వాంటిడ్ అని మూడు ధ్వనులు. మూలరూపం ట, డ ధ్వనులతో ముగిస్తేనే ‘ఇడ్’ వినిపించాలి.

ఇక ‘గోయెడ్’ అన్న పిల్లను కోప్పడకండి. సూత్రం పట్టుబడింది గనకే అలా అంది. ఇంగ్లీషు ఇంటిభాషగా పెరిగే పిల్లలు కూడా చిన్నప్పుడు అలాగే అంటారు. ఎక్కువగా వాడే క్రియలే సూత్రానికి లొంగవు: గో, కమ్, సే, గెట్, టేక్. వాటిని యాభై ఒకేసారి రుద్దకుండా, కథల్లో నాలుగేసి చొప్పున వినిపించాలి.

ఇంత సేపు ఒక్క కాలం గురించి ఎందుకంటే, ఇంటర్వ్యూలో మన పిల్లల్ని అడిగేవన్నీ ఇందులోనే ఉంటాయి. ఎక్కడ చదివావు? ఏ ప్రాజెక్టు చేశావు? ఆ ఉద్యోగం ఎందుకు మానేశావు? ప్రతి వాక్యానికీ తప్పు పట్టించుకున్న పిల్లవాడు అక్కడ విషయం తెలిసీ ఒక్క ముక్కతో ఆగిపోతాడు. అయిదు వాక్యాలు పూర్తిగా చెప్పనిచ్చి, తర్వాత ఒక్కటి సరిదిద్దండి.

ఊళ్ళో ఉన్న పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. శనివారం సాయంత్రం ఓ గంట బడికి రండి. పాఠం చెప్పనక్కర్లేదు. తొమ్మిదో తరగతి పిల్లలు నిన్న ఏం చేశారో ఇంగ్లీషులో చెబుతారు, కూర్చుని వినండి. పేర్లు ఇవాళే హెడ్మాస్టరుగారి దగ్గర రాసి వెళ్ళండి.