మనిషి అంటే ఎవరు? రాజ్యం ఎవరిది?

(కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మనిషికీ రాజ్యానికీ ఉండే సంబంధం గురించి పడమటి దేశాల్లో మూడున్నర శతాబ్దాలకు పైగా చర్చ నడుస్తోంది. దాన్ని గురించే ఈ పూట మాట్లాడాలనుకున్నాం. పొద్దంతా కూలికి పోయొచ్చినోళ్ళకు ఇంగ్లండు, ఫ్రాన్సు గొడవలు ఎందుకని కొందరు అడగొచ్చు. ఇవాళ మనం వాడే హక్కు, స్వేచ్ఛ, సమ్మతి అనే మాటలు చాలామటుకు ఆ చర్చలోనే పదునెక్కాయి. కొడవలి పట్టినోడికి దాని పదునూ తెలియాలి, దాని పగుళ్ళూ తెలియాలి.

ఇంగ్లండులో 1642లో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం మొదలైంది. 1649లో రాజు చార్లెస్ తల నరికారు. ఆ తర్వాత రెండేళ్ళకు, 1651లో, థామస్ హాబ్స్ 'లెవియతాన్' అనే పుస్తకం అచ్చేశాడు. రాజ్యం లేకపోతే మనుషులు ఒకర్నొకరు చంపుకుంటారు, అందుకే అందరూ ఒప్పందం చేసుకుని అధికారాన్ని ఒకచోట పెట్టారు అన్నాడు. పాలకుడికి దాదాపు ఎదురులేని అధికారం ఇచ్చేశాడు. అయినా ఆ అధికారం మనుషుల ఒప్పందం వల్లే పుట్టిందన్నాడు. దేవుడిచ్చాడనే రాజుల మాటకు అక్కడ గండి పడింది.

అంతకు నాలుగేళ్ళ ముందే, 1647లో, లండన్ పక్కన పట్నీ చర్చిలో పార్లమెంటు సైన్యంలోని సిపాయిలూ అధికారులూ ఓటు ఎవరికుండాలని వాదించుకున్నారు. ఎంత పేదోడైనా తాను ఒప్పుకోని ప్రభుత్వానికి కట్టుబడాల్సిన పని లేదన్నాడు రెయిన్స్‌బరో. భూమి ఉన్నోడికే, స్థిరమైన వ్యాపార హక్కు ఉన్నోడికే ఓటు అన్నాడు ఐర్టన్. రాజు మీద కలిసి కొట్లాడినోళ్ళే ఓటు దగ్గరికొచ్చేసరికి విడిపోయారు చూడండి!

తర్వాత జాన్ లాక్. పుట్టుకతో అందరూ సమానమే, ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి కాపాడటానికే ప్రభుత్వం, ఆ పని చెయ్యకపోతే జనం దాన్ని దించెయ్యొచ్చు అని 1689లో చెప్పాడు. గొప్ప మాటే. కానీ 1669లో అమెరికాలోని కరోలినా వలసకు రాజ్యాంగం రాసే పనిలో ఈయనకూ చెయ్యి ఉంది. నల్ల బానిస మీద యజమానికి సంపూర్ణ అధికారం ఉంటుందని అందులో ఉంది. బానిసల వ్యాపారం చేసే రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో ఈయన డబ్బు కూడా పెట్టాడు. ఆస్తి కష్టం వల్ల పుడుతుందన్నాడు గదా, మరి పాలేరు కోసిన గడ్డిపెళ్ళ ఎవరిది? యజమానిదే అన్నాడు. కష్టం ఒకరిది, ఆస్తి ఇంకొకరిది! ఈ లెక్క మనకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

రూసో జెనీవాలో గడియారాలు చేసేవాడి కొడుకు. సార్వభౌమాధికారం జనానిదేనని 1762లో 'సామాజిక ఒడంబడిక'లో రాస్తే ఆ పుస్తకాన్ని సొంత ఊళ్ళోనే తగలబెట్టారు. అదే ఏడు వచ్చిన 'ఎమిలీ'లో మాత్రం ఆడపిల్ల చదువు మగవాడికి తోడుగా ఉండటానికేనన్నాడు.

1789లో ఫ్రాన్సు విప్లవం మనిషి హక్కుల ప్రకటన చేసింది. 1791 రాజ్యాంగంలో ఏం చేశారు? మూడు రోజుల కూలి విలువైన పన్ను కట్టలేనోడికి ఓటు లేదన్నారు. ఇళ్ళల్లో పనిచేసే నౌకర్లకు లేదు. ఆడవాళ్ళకు అసలే లేదు. ఒలింప్ ద గూజ్ అనే ఆమె అదే ఏడు స్త్రీ హక్కుల ప్రకటన రాసింది. ఆమె రాజకీయ రాతలు గిట్టక 1793లో గిలటిన్ ఎక్కించారు. అదే 1791లో ఫ్రాన్సు వలస అయిన సెయింట్ డొమింగోలో చెరుకుతోటల బానిసలు తిరగబడ్డారు. 1794లో ఫ్రాన్సు బానిసత్వాన్ని రద్దు చెయ్యక తప్పలేదు. 1802లో నెపోలియన్ మళ్ళీ తెచ్చాడు. వాళ్ళు ఆయన సైన్యాన్ని ఓడించి 1804లో హైతీ దేశాన్ని నిలబెట్టుకున్నారు. మనిషి హక్కులని రాసింది పారిస్ పెద్దలైతే, ఆ మాటను నిజం చేసింది చెరుకు నరికిన చేతులు.

ఇక జాన్ స్టూవర్ట్ మిల్. 35 ఏళ్ళు ఈస్టిండియా కంపెనీలో ఉద్యోగం చేసి, 1859లో స్వేచ్ఛ మీద పుస్తకం అచ్చేశాడు. వెనకబడ్డ జాతులకు ఆ స్వేచ్ఛ వర్తించదన్నాడు. ఇది మనం క్షమించాల్సిన మాట కాదు. అయితే అదే పుస్తకంలో మనకు పనికొచ్చే మాటొకటుంది. మనిషిని అణిచేది సర్కారొక్కటే కాదు, సమాజం కూడా అణుస్తుంది, దాని పట్టు చట్టం కంటే లోతుగా పోతుంది అన్నాడు. వెలి అంటే ఏందో తెలిసినోళ్ళకు ఇది కొత్త సంగతి కాదు.

ఈ చదువంతా చదివినవాడు బాబాసాహెబ్ అంబేద్కర్. 1913 నుంచి 1916 దాకా కొలంబియాలో, ఆ తర్వాత లండన్‌లో చదివాడు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో ముసాయిదా ప్రవేశపెడుతూ, ఊరిని పక్కనపెట్టి మనిషిని ప్రమాణంగా తీసుకున్నందుకు సంతోషమన్నాడు. ఊరే దేశానికి పునాది కావాలని వాదించినోళ్ళకు అది మింగుడుపడలేదు. పడమటివాళ్ళు రాజ్యం నుంచి మనిషిని ఎట్లా కాపాడాలా అని ఎక్కువగా ఆలోచించారు. అంబేద్కర్ ఊరి నుంచి మనిషిని కాపాడే పని కూడా రాజ్యం మీద పెట్టాడు. అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం సర్కారుకే కాదు, బావి దగ్గర అడ్డం నిలబడ్డోడికి కూడా వర్తిస్తుంది.

కాబట్టి మేము చెప్పేదేమంటే, ఎవరన్నా మనిషి, ప్రజలు, దేశం అని మాట్లాడినప్పుడు ఆ లెక్కలో కూలోళ్ళున్నారా, ఆడవాళ్ళున్నారా, వాడ ఉందా అని అడగండి. లేదంటే ఆ పుస్తకాన్ని పారెయ్యకండి. అందులోని మాటనే పట్టుకుని మన పేర్లు మనమే రాయించుకుందాం. హైతీ బానిసలు చేసింది అదే.