కాలువ చివర ఏముంది?

వానలు పడితే చాలు, వీధి కాలువ పొంగి గడప దాకా వస్తోంది, వాసనకు తలుపు తీయలేకున్నాం, ఏం చేయాలి అని ఏటా అడుగుతుంటారు. పూడిక తీయించమని పంచాయతీనో మున్సిపాలిటీనో గట్టిగా అడగండి, అది మీ హక్కు. ఈ పూట మాత్రం ఆ కాలువలో మనం ఏం పోస్తున్నాం, అది ఎక్కడ తేలుతుంది అన్నది మాట్లాడుకుందాం. ఒక్క మాట ముందే చెప్తా, మధ్యలో మళ్లీ చెప్తా: చివర శుద్ధి కేంద్రం లేని కాలువలో పోసింది ఏట్లో పోసినట్టే.

ఇది నా సొంత కల్పన కాదు. 1974 నాటి నీటి కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షన్లో విషపదార్థాలు కలపకూడదన్న చోట ఏరు, బావితో పాటు మురుగుకాలువ పేరూ ఉంది. ఆ పైన, 1986 పర్యావరణ పరిరక్షణ నిబంధనల కింద పరిశ్రమలు వదిలే నీటికి పెట్టిన హద్దులు చూడండి. మురుగులోని కుళ్లు ఎంత ఆక్సిజన్‌ను తినేస్తుందో చెప్పే కొలతను బి.ఓ.డి. అంటారు. ఏట్లోకి వదిలే నీటిలో అది లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదు. ఊరి మురుగుకాలువలోకైతే 350 దాకా ఒప్పుకున్నారు. నీళ్లలో తేలే మడ్డికి 100 బదులు 600, నూనె జిడ్డుకు 10 బదులు 20. ఇంత సడలింపు ఎందుకిచ్చారు? కాలువ చివర శుద్ధి కేంద్రం ఉంటుంది, మిగతా కుళ్లును అక్కడి సూక్ష్మజీవులు తినేస్తాయి అన్న నమ్మకంతో. ఆసుపత్రుల విషయంలో 2016 బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు దీన్ని విప్పి చెప్పాయి: చివర శుద్ధి కేంద్రం లేని కాలువకు కలిపిన ఆసుపత్రికి బి.ఓ.డి. హద్దు 30. శుద్ధి కేంద్రం ఉంటేనే ఆ పెద్ద అంకె వర్తిస్తుంది. చక్రాయపేట లాంటి ఊళ్లలో మనకున్నవి వంకల్లోకి దిగే తెరిచిన కాలువలు. అక్కడి నీళ్లు పాపాఘ్నికి, పాపాఘ్ని కమలాపురం దగ్గర పెన్నకు.

ఏట్లో కలిస్తే పలచబడిపోదా అనేవాళ్లున్నారు. ఆ వాదన కొట్టిపారేసేది కాదు. బ్రిటన్‌లో మురుగునీటిపై వేసిన రాయల్ కమిషన్ 1912లోనే దాన్ని లెక్కలోకి తీసుకుంది. బి.ఓ.డి. 20, మడ్డి 30 అని హద్దు పెడుతూ, నదిలో కనీసం ఎనిమిది రెట్లు మంచినీళ్లు పారుతుండాలని షరతు చెప్పింది. అది థేమ్స్ పారే దేశం. మన పెన్న, పాపాఘ్ని ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కదా! గండి దగ్గర కొండల మధ్య నుంచి పాపాఘ్ని పారే రోజులెన్నో చుట్టుపక్కల వాళ్లకు తెలుసు. ఎనిమిది రెట్ల మాట అటుంచి, ఎండాకాలం కాలువ నీళ్లే ఏరు. ఇసుకలోకి దిగిన ఆ మురుగు ఏటి గట్టున వేసిన బోర్లను చేరకుండా ఎక్కడికి పోతుంది?

ఇంకొకటి, మేం పోసేది చెంబెడే కదా అంటారు. బియ్యం కడిగిన నీళ్లకైతే సరే. ప్రొద్దుటూరు లాంటి బంగారు అంగళ్ల ఊళ్లో నగలు మెరుగుపెట్టే యాసిడ్ సంగతి వేరు. పనిచోట రాలిన రజనును ఎవరూ వదలరు, చీపురు దుమ్ము కూడా అమ్ముకుంటారు. యాసిడ్‌ను మాత్రం కాలువకు వదిలేస్తే, నగలోంచి కరిగిన రాగి దాంతో పాటే పోతుంది. రాగికి ఏట్లోకైనా, మురుగుకాలువలోకైనా నిబంధన ఒకటే: లీటరుకు 3 మిల్లీగ్రాములు. ఇక్కడ సడలింపు లేదు. సూక్ష్మజీవులు కుళ్లును తింటాయి గానీ లోహాన్ని తినలేవు. రోజూ చెంబెడు చొప్పున పోస్తే అది పూడికలో పేరుకుంటుంది. ముందు సర్కారు శుద్ధి కేంద్రం కట్టమనండి, తర్వాత మాకు చెప్పండి అనేవాళ్లకూ జవాబు ఇందులోనే ఉంది. కట్టాల్సిందే, అది సర్కారు బాధ్యతే. కానీ యాసిడ్ వచ్చి పడితే ఆ కేంద్రంలో పనిచేసే సూక్ష్మజీవులే చస్తాయి. కట్టేదాకా మాత్రం, మళ్లీ చెప్తున్నా, కాలువలో పోసింది ఏట్లో పోసినట్టే.

మిగతావి గబగబా చెప్తా. శ్రావణ శనివారాల్లో గండి గుడికొచ్చే జనానికి వండే చోట మిగిలిన నూనె కాలువలో వంచొద్దు, డబ్బాలో పట్టి కొనేవాళ్లకివ్వండి. పెట్రోలు, డీజిలు అసలే వద్దు: మెక్సికోలోని గ్వాడలహారాలో 1992 ఏప్రిల్ 22న మురుగుకాలువల్లో చేరిన పెట్రోలు పేలి రెండు వందల మందికి పైగా చనిపోయారు. సెప్టిక్ ట్యాంకు బండివాడు రాత్రిపూట వంకలో ఖాళీ చేస్తుంటే ఫిర్యాదు చేయండి. మూసిన కాలువ మడ్డిలో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు యాసిడ్ తగిలితే ఇంకా ఎగదన్నుతుంది. ఎక్కువైతే వాసన కూడా తెలియదు, దిగిన మనిషి అక్కడే పడిపోతాడు. రక్షణ లేకుండా అలా దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. చనిపోతే 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. కాలువ పూడితే యంత్రాన్ని పిలిపించండి, మనిషిని దించకండి.