దాపటి చేతి బంతి
(స్మారకోపన్యాసం, జనగామ)

అరకకు కట్టిన ఎద్దుల్లో కుడివైపుది వలపటెద్దు, ఎడమవైపుది దాపటెద్దు. జనగామ చెలకల్లో, మానుకోట మిర్చి చేన్లలో ట్రాక్టర్లు వచ్చాక ఈ మాటలు వినబడడం తగ్గింది గానీ ముసలి రైతుల నోట ఇంకా ఉన్నాయి. ఆ ‘దాపట’లో చిన్నచూపు లేదు. అదే ఎడమ చెయ్యి మనిషిదైతేనే తంటా. దానితో తినొద్దు, పైసలు ఇయ్యొద్దు, పలక మీద రాయొద్దు. అటువంటి చేతికి ఊళ్లో మర్యాద దొరికే చోటు క్రికెట్ ఆడే జాగా. పుర్రచేతి పిల్లగాడు బంతి అందుకోగానే బ్యాటు పట్టినవాడు ఒకసారి కాళ్లు సర్దుకుంటాడు.

తెలుగు నేల నుంచి పైకి వెళ్లిన ఎడమచేతి స్పిన్నర్లు చాలాకాలం దాపటెద్దుల్లాగే ఆడారు. కాడి ఇద్దరిది, పేరు పక్కవాడిది.

ముంతాజ్ హుస్సేన్‌కు ఆ కాడి కూడా దక్కలేదు. 1966-67 రోహింటన్ బారియా ట్రోఫీలో ఉస్మానియా విశ్వవిద్యాలయం తరఫున ఆయన 48 వికెట్లు తీశాడు. బంతి ఏ వైపు తిరుగుతుందో చేతిని చూసి చెప్పడం బ్యాటర్ల వల్ల కాలేదు. ఆ సీజన్‌లోనే బిషన్ సింగ్ బేడీ కలకత్తాలో తొలి టెస్టు ఆడాడు. బేడీ 67 టెస్టుల దాకా వెళ్లాడు. ముంతాజ్ ఒక్కటీ ఆడలేదు.

వెంకటపతి రాజుది వేరే దారి. తూర్పు గోదావరి ఆలమూరులో 1969లో పుట్టి, హైదరాబాద్‌కు ఆడి, 1990లో న్యూజిలాండ్‌పై క్రైస్ట్‌చర్చ్‌లో టెస్టుల్లోకి వచ్చాడు. అక్కడ మొదట గుర్తుండిపోయింది ఆయన బంతి కాదు, బ్యాటు. నైట్ వాచ్‌మన్‌గా దిగి, అవతలి కొసన వికెట్లు రాలుతుంటే నిలబడి 31 పరుగులు చేశాడు. అదే ఏడాది నవంబర్‌లో చండీగఢ్‌లో శ్రీలంకపై 17.5 ఓవర్లు వేసి 12 పరుగులకే ఆరు వికెట్లు తీశాడు. సన్నటి ఒళ్లు కాబట్టి సహచరులు వేళాకోళంగా ‘మజిల్స్’ అని పిలిచేవారు. 1993లో ఇంగ్లండ్‌ను 3-0తో ఓడించిన స్పిన్ త్రయంలో కుంబ్లే, రాజేశ్ చౌహాన్‌లతో పాటు మూడోవాడు ఆయనే. ఆ సిరీస్ అనగానే అందరి నోటా కుంబ్లే పేరే వస్తుంది. తప్పేం లేదు, కానీ రెండో కొస నుంచి పరుగులు బిగబట్టిన చెయ్యి కూడా ఒకటుంది. 2001 కోల్‌కతా టెస్టు రాజుకు చివరిది. లక్ష్మణ్ 281, హర్భజన్ 13 వికెట్లు అందరికీ కంఠస్థం. చివరి రోజు మార్క్ వాను సున్నాకే ఎల్బీడబ్ల్యూ చేసింది రాజు అని ఎందరికి గుర్తుంది? మొత్తం 28 టెస్టులు, 93 వికెట్లు.

ఎడమచేతి స్పిన్‌లో కిటుకు చూపును మోసగించడమే. కుడిచేతి బ్యాటర్‌కు బంతి లోపలికి వస్తున్నట్టు కనబడి, నేలకు తగిలాక స్లిప్ వైపు జారుతుంది. దానికి అలవాటుపడి బ్యాటు చాపినవాడికి తిరగకుండా నేరుగా వచ్చేది ఒకటి వేస్తే ప్యాడ్‌కు కొట్టుకుంటుంది.

ఆ విద్యలో ఆరితేరిన ప్రజ్ఞాన్ ఓఝా భువనేశ్వర్‌లో పుట్టి హైదరాబాద్ ఆటగాడయ్యాడు. అశ్విన్‌కు జతగా బౌలింగ్ చేశాడు. 2010 ఐపీఎల్‌లో డెక్కన్ చార్జర్స్‌కు 21 వికెట్లు తీసి పర్పుల్ క్యాప్ పెట్టుకున్నాడు. 2013 నవంబర్‌లో వాంఖడేలో వెస్టిండీస్‌పై రెండు ఇన్నింగ్స్‌లోనూ అయిదేసి వికెట్లు, మొత్తం 89 పరుగులకు పది. మ్యాన్ ఆఫ్ ది మ్యాచ్ కూడా ఆయనే. అయితే అది సచిన్ చివరి టెస్టు. దేశమంతా కళ్లు తుడుచుకుంటూ సచిన్‌నే చూసింది. ఓఝా మళ్లీ టెస్టు ఆడలేదు. తర్వాతి ఏడాది బౌలింగ్ తీరుపై అనుమానాలొచ్చాయి, దిద్దుకుని అనుమతి తెచ్చుకునేసరికి జడేజా స్థిరపడిపోయాడు. 24 టెస్టులు, 113 వికెట్లు. ఇంత అన్యాయమైన వీడ్కోలు మన క్రికెట్‌లో అరుదు.

మహిళల ఆటలో హైదరాబాద్ గౌహర్ సుల్తానా 50 వన్డేలు ఆడి దారి వేసింది. కడప జిల్లా ఎర్రమల్లె పిల్ల నల్లపురెడ్డి శ్రీచరణి వచ్చాక మాత్రం కథ తిరగబడింది. 2025 జూన్‌లో ఇంగ్లండ్‌పై నాటింగ్‌హామ్‌లో తొలి టీ20లోనే 12 పరుగులకు నాలుగు వికెట్లు. ఆ సిరీస్‌లో పది వికెట్లతో ఉత్తమ క్రీడాకారిణి. అదే ఏడాది వన్డే ప్రపంచకప్‌లో 14 వికెట్లు. నవంబర్ 2న నవీ ముంబైలో జరిగిన ఫైనల్‌లో ఆనెకె బాష్‌ను సున్నాకే పంపింది. ఎల్బీడబ్ల్యూ, పైన చెప్పిన ప్యాడ్ మీదనే.

2016 అక్టోబర్‌లో పాత వరంగల్ నుంచి విడివడిన జనగామ, మహబూబాబాద్ (మానుకోట), భూపాలపల్లి జిల్లాల నుంచి టెస్టు బౌలర్ ఇంకా రాలేదు. జనగామకు, మానుకోటకు రైలుంది. భూపాలపల్లి బొగ్గు గనుల కాలనీలో పిల్లగాడు కిట్ బ్యాగు భుజానేసుకుని ముందు వరంగల్ బస్సెక్కాలి, అక్కణ్నుంచి హైదరాబాద్‌లోని ఉప్పల్ స్టేడియం. ఆ బస్సులో కండక్టర్‌కు పైసలిచ్చేటప్పుడు వాడు గుర్తుపెట్టుకుని కుడి చెయ్యే చాపుతాడు.